సగం పట్టిక

లంకల జలరవాణా మండలికి ఉన్న కంప్యూటరు ఒక్కటే. పొద్దున పదింటికి మీట నొక్కితే పదకొండుకి కళ్ళు తెరిచేది. పెద్ద కాగితం ఏదైనా చూపిస్తే మళ్ళీ కళ్ళు మూసేది. అటువంటి యంత్రమున్న ఆఫీసుకి పైనుంచి ఒక ఉత్తరువు వచ్చింది. ‘జ్ఞాపక పొదుపు పక్షోత్సవములను పురస్కరించుకొని ప్రతి కార్యాలయమును తన యంత్రములందు వినియోగమగు జ్ఞాపకశక్తిని సగమునకు తగ్గించి, తగ్గించినట్లు ఫొటోలతో సహా తెలియజేయవలెను’ అని. జ్ఞాపకశక్తి తగ్గినట్లు ఫొటో ఎలా తీయాలో అందులో రాయలేదు. ఆఫీసులో చాలామంది ముఖాలు మాత్రం అప్పటికే ఆ ఫొటోకి పనికొచ్చేలా ఉన్నాయి.

ఆ మండలిలో పట్టికల గుమాస్తా భీమశంకరం. గోదావరి ఒక పాయ వెంబడి ఇరవై నాలుగు రేవులు, వాటి మధ్య తిరిగే ముప్పై ఒక్క లాంచీలు మండలివి. ఎగువన మొదటి రేవు పాతగట్టు, ప్రధాన కార్యాలయం అక్కడే. దిగువన ఇరవై నాలుగోది పీతలదిబ్బ, దాని తర్వాత సముద్రమే. మధ్యలో అన్నీ లంకలు. రోడ్డు లేదు, వంతెన లేదు, చేపల నావలేమో ఎదురు నీటికి అంత దూరం రావు. మనిషి ఎక్కడికి కదలాలన్నా మండలి లాంచీ ఎక్కాల్సిందే, దానికి టిక్కెట్టు ఉండాల్సిందే, టిక్కెట్టు కోయాలంటే దూరాల పట్టిక చూడాల్సిందే. అడ్డంగా ఇరవై నాలుగు, నిలువుగా ఇరవై నాలుగు, మొత్తం అయిదువందల డెబ్భై ఆరు గళ్ళ ఆ పట్టికని ఇరవై రెండేళ్ళుగా కాపాడుకొస్తున్నవాడు భీమశంకరం. దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి, రేవుల్లోని టిక్కెట్ల యంత్రాలకి అందేలా చేసిందీ అతనే, అది తెరిచినప్పుడల్లా కంప్యూటరు స్పృహ తప్పుతోందని కనిపెట్టిందీ అతనే.

ఉత్తరువు వచ్చిన గురువారంనాడు అతనికో మంచి ఆలోచన వచ్చింది. మన ఆఫీసుల్లో మంచి ఆలోచన రావడం ఎంత ప్రమాదమో అతనికి అప్పటికి తెలియదు.

గోడ మీదున్న పాత కాగితపు పట్టికని తీసి, డైరెక్టరు విరూపాక్షరావుగారి బల్ల మీద పరిచి, రుమాలు మడిచినట్టు మూల నుంచి మూలకి మడిచాడు. మడిచి కిటికీ వెలుతురుకి పట్టి చూపించాడు.

"చూడండి సార్. అంకె మీద అంకె వచ్చి కూర్చుంది. పాతగట్టు నుంచి ముంజులంక పద్దెనిమిది కిలోమీటర్లండి, ముంజులంక నుంచి పాతగట్టూ పద్దెనిమిదే కదండి. దీన్ని లెక్కల్లో సౌష్ఠవ మాత్రిక అంటారు. మడత గీతకి పైనున్న సగం ఉంచుకుంటే చాలు, కింది సగం దాని నకలే. గీత మీదున్న గళ్ళేమో ఏ రేవు నుంచి ఆ రేవుకే గనక అన్నీ సున్నాలు, అవీ అక్కర్లేదు. అయిదువందల డెబ్భై ఆరు గళ్ళలో రెండువందల డెబ్భై ఆరు ఉంచితే సరిపోతుందండి."

విరూపాక్షరావుగారు కుర్చీలోంచి లేచారు. ఆయన కుర్చీలోంచి లేవడం ఆ సంవత్సరంలో అదే మొదలు.

"అనగా సగమునకంటె తక్కువ!" అన్నారు. ఆయన మామూలుగా మాట్లాడినా ఉత్తరువు చదివినట్టే ఉంటుంది. "భీమశంకరంగారూ, ఇది పొదుపు కాదు. ఇది దర్శనము."

"కింద ఒక్క వాక్యం మాత్రం రాసుకోవాలండి. ‘పెద్ద నంబరు ముందొస్తే తిరగేసి చూడవలెను’ అని. అంటే ఎవరైనా ఇరవై నాలుగో రేవు నుంచి ఒకటో రేవుకి టిక్కెట్టు అడిగితే, యంత్రం ఒకటి నుంచి ఇరవై నాలుగుకి ఉన్న గడి చూసుకుంటుంది."

డైరెక్టరుగారు వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. "పదిహేడు అక్షరములు. పొదుపు పక్షోత్సవములలో పదిహేడు అక్షరముల దుబారా! మూడువందల గళ్ళు త్యాగము చేసినవారము పదిహేడు అక్షరములకు వెనుకాడుదుమా? కొట్టివేయుడు."

ఇక్కడ భీమశంకరం నోరు విప్పాల్సింది. విప్పలేదు. ఆ పదకొండు గంటల లాంచీకి అతని భార్య మాణిక్యాంబ పీతలదిబ్బ వెళుతోంది. ఆమె తమ్ముడి కూతురికి ఆ సాయంత్రమే బారసాల. అప్పటికే పదీ నలభై అయింది. రేవు దాకా వెళ్ళి సంచీలు అందించకపోతే ఇంట్లో జరగబోయేది ఆఫీసులో జరగబోయేదాని కన్నా పెద్దదని అతని అంచనా. అందుకని "చిత్తం" అనేసి, వాక్యం కొట్టేసి, గొడుగు తీసుకుని పరిగెత్తాడు.

రేవులో మాణిక్యాంబ అప్పటికే లాంచీ ఎక్కి కూర్చుంది.

"పులుసు పెట్టానండి, రెండు పూటలు వస్తుంది. పాలు పొంగించెయ్యకండి. రేపు సాయంత్రం లాంచీకి వచ్చేస్తాను" అంది.

వెళ్ళిపోయింది. భీమశంకరం ఆఫీసుకి తిరిగొచ్చి సగం పట్టికని కంప్యూటరులోకి ఎక్కించాడు. పులుసు ఆమె చెప్పినట్టే రెండు పూటలూ వచ్చింది.

శుక్రవారం సాయంత్రం ఫోను మోగింది.

"ఏవండీ, ఈ టిక్కెట్లాయన నన్ను లాంచీ ఎక్కనివ్వట్లేదండి. పాతగట్టుకి అసలు ప్రయాణమే లేదంటున్నాడు."

"ప్రయాణం లేకపోవడమేవిటి?"

"ఏమోనండి. ఇరవై నాలుగు నొక్కి ఒకటి నొక్కితే, ‘అటువంటి ప్రయాణం లేదు’ అని కాగితం వస్తోంది దాంట్లోంచి. మూడుసార్లు నొక్కించాను. అదేదో చిలకజోస్యంలా ప్రతిసారీ అదే చీటీ. అలాగైతే నిన్న నేను ఏ ఊర్నుంచి వచ్చానంటారూ?"

పదిహేడు అక్షరాలూ వరసగా భీమశంకరం కళ్ళముందు నిలబడ్డాయి. మర్నాడు పొద్దున ఆఫీసు తలుపు తీయకముందే డైరెక్టరుగారి ఇంటి ముందున్నాడు.

విరూపాక్షరావుగారు అంతా విన్నారు. కంగారుపడతారనుకున్న భీమశంకరం తెల్లబోయేలా, ఆయన ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగింది.

"చూచితిరా! మనము అనుకొనని పొదుపు కూడ జరుగుచున్నది. తిరుగు ప్రయాణమనగా ఏమి? వెళ్ళిన ప్రయాణమునకు నకలు. అదే దూరము, అదే నీరు, అవే రేవులు. ఒక ప్రభుత్వ కార్యాలయము ఒకే పనిని రెండుమారులు ఎందుకు చేయవలెను?"

"సార్, జనం ఇంటికి రావాలి కదండీ."

"పట్టికలో లేనిది నదిలో ఎట్లుండును? మీరే కదా కింది సగము అక్కరలేదంటిరి?"

సాయంత్రానికి సర్క్యులరు వచ్చేసింది. ‘ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, మండలి లాంచీలు ఇకమీదట చిన్న నంబరు రేవు నుండి పెద్ద నంబరు రేవునకు మాత్రమే నడుపబడును. పట్టికలో లేని ప్రయాణమునకు టిక్కెట్టు కోసినవారు ఉద్యోగమునుండి తొలగింపబడుదురు.’ దిగువకి వెళ్ళేటప్పుడు ఏరే తోసుకుపోతుంది గనక ఇంజను ఆపేయాలని ఒక అనుబంధం కూడా వేశారు. డీజిలు ఖర్చు దాదాపు లేకుండా పోయింది. పైవాళ్ళు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. అందులో భీమశంకరం పేరు కూడా ఉంది. అది చదువుతూ అతను రెండోసారి పాలు పొంగించాడు.

పైనుంచి పొగడ్త వచ్చిందంటే ఇక ఆఫీసుకి పగ్గాలుండవు. సౌష్ఠవం ఒక్క పట్టికకే ఎందుకని ఆలోచన బయల్దేరింది. కింది ఉద్యోగి నమస్కారం పెడితే పై అధికారి ప్రతినమస్కారం దానికి నకలే గనక రద్దు చేశారు. డైరెక్టరుగారు ఈ పొదుపుని ఎన్నో ఏళ్ళ ముందునుంచే పాటిస్తున్నారు. మనిషి ముఖంలో కుడీ ఎడమా ఒకటే గనక గుర్తింపు కార్డుల మీద ఎడమ సగం ఫొటోలు అంటించారు. గేటు దగ్గర జవాను కార్డులో ఉన్నంతే ముఖం చూస్తానని పట్టుబట్టడంతో నలభైమంది ఉద్యోగులూ పీతల్లా పక్కకి నడిచి లోపలికి పోవడం అలవాటు చేసుకున్నారు.

హాజరు పట్టీలో వచ్చినప్పటి సంతకం ఉంచి, వెళ్ళినప్పటి సంతకం నకలని తీసేశారు. దాంతో కాగితాల ప్రకారం ఎవరూ ఆఫీసు వదిలి వెళ్ళడం లేదు. రాత్రింబగళ్ళు పనిచేస్తున్నారని పైనుంచి మరో మెప్పు వచ్చింది. ఇక ఫిర్యాదులు. ప్రయాణికుడు మండలి మీద చేసే ఫిర్యాదూ, మండలి ప్రయాణికుడి మీద చేసే ఫిర్యాదూ అద్దంలో బొమ్మల్లాంటివేనని తేల్చి, ఒక్కటే ఉంచారు. ఏది ఉంచారో చెప్పక్కర్లేదు.

ఈలోగా పాతగట్టు రేవులో లాంచీలు తరిగిపోతున్నాయి. వెళ్ళినవి వెళ్ళినట్టే. ముప్పై ఒకటి ఇరవై అయ్యాయి, ఇరవై పన్నెండయ్యాయి. భీమశంకరం రోజూ పొద్దున్నే రేవుకి వచ్చి లెక్కపెట్టుకుని, వెనక్కి వెళ్ళి అన్నం మాడ్చుకునేవాడు.

"దిబ్బ దగ్గర ఎలా ఉంది మాణిక్యం?" అని ఫోనులో అడిగాడు ఎనిమిదో రోజున.

"తీర్థంలా ఉందండి. ఇసక వేస్తే రాలట్లేదు. రోజూ రెండు లాంచీలు వచ్చి జనాన్ని దింపేసి వాటి మానాన అవి కట్టేసుకుంటున్నాయి. మా తమ్ముడి ఇంట్లో బారసాలకొచ్చిన చుట్టాలే అరవైమంది. నిన్న పక్కింటి పిల్లని చూసుకోడానికని ఓ పెళ్ళికొడుకు వచ్చాడు, పిల్ల నచ్చలేదట పాపం, ఇంక వాళ్ళ అరుగు మీదే పడుకుంటున్నాడు. వాళ్ళూ పొమ్మనలేరు, అతనూ పోలేడు. తపాలాయన ఎగువ ఊళ్ళ ఉత్తరాలన్నీ పట్టుకుని ఏడుస్తున్నాడు."

"నువ్వెలా ఉన్నావు?"

"నేనా? వచ్చినవాళ్ళందరికీ అన్నం వండాలి కదండీ. గాడిపొయ్యి తవ్వించి డేగిసాలు ఎక్కించాను. పొద్దున వందమంది తిన్నారు." గొంతు తగ్గించి అడిగింది. "ఏవండీ, నాకూ మీకూ మధ్య దూరం ఎంతుందో మీ పట్టికలో ఉందిగా?"

"నలభై రెండు కిలోమీటర్లు."

"మీకు నేనూ, నాకు మీరూ అంతే దూరం కదా. మరి మీరెందుకు రారూ?"

వస్తే మళ్ళీ వెళ్ళడం ఉండదని అతనికి తెలుసు. పద్నాలుగేళ్ళుగా ఎదురుచూస్తున్న సూపరింటెండెంటు ఉద్యోగం డైరెక్టరుగారి సొరుగులో సంతకానికి సిద్ధంగా ఉందనీ తెలుసు. ‘సౌష్ఠవ విభాగ పర్యవేక్షకులు’ అని బోర్డు కూడా రాయించారు. ఇవేవీ ఆమెకి చెప్పలేక "చూస్తాను" అని పెట్టేశాడు. ఆ పూట సిగ్గుతో అన్నం సహించలేదు. మాడిపోవడం వల్ల కూడా సహించలేదు.

మర్నాడు అర్జీ రాసుకుని డైరెక్టరుగారి దగ్గరకి వెళ్ళాడు. తొలగించిన వాక్యాన్ని పునరుద్ధరించమనీ, తన భార్య తొమ్మిది రోజులుగా దిగువన చిక్కుకుపోయిందనీ, తను విచారంలో ఉన్నాననీ.

డైరెక్టరుగారు జాలిపడ్డారు. ఆయన రాతిమనిషి కాదు.

"మీరు ఆమె నిమిత్తము విచారించుచున్నారు. ఆమె?"

"ఆవిడా నా గురించి విచారిస్తోందండి."

"సమానముగనా?"

"సమానంగానేనండి."

"అట్లయిన సౌష్ఠవ సూత్రానుసారము ఒకరి విచారమును మాత్రమే నమోదు చేయవలసియుండును. ఎవరిది నమోదు చేయమందురు?"

భీమశంకరం ఆలోచించి "ఆవిడది చెయ్యండి" అన్నాడు. ఆమె నంబరు ఇరవై నాలుగు, అతనిది ఒకటి, అది కింది సగంలోకి వస్తుంది గనక కుదరదన్నారు. అతనిదే రాసుకున్నారు. వాక్యం సంగతి తేల్చడానికి త్రిసభ్య సంఘం వేశారు. మొదటి సభ్యుడు రెండో సభ్యుడితో విభేదించాడు. రెండో సభ్యుడు మొదటివాడితో విభేదించబోతే అది నకలని ఆపేశారు. మూడో సభ్యుడు పీతలదిబ్బలో ఉన్నాడు. సంఘం అర్జీని ఏకగ్రీవంగా తోసిపుచ్చింది.

పదిహేడో రోజుకి పాతగట్టు రేవులో ఒకే ఒక్క లాంచీ మిగిలింది. ఊళ్ళో మనుషులు కూడా అదే లెక్కన మిగిలారు. రేవులో ఒక్క ప్రాణి లేకపోవడం చూసి, రద్దీ సమస్య శాశ్వతంగా పరిష్కారమైందని డైరెక్టరుగారు నివేదిక పంపారు. దానికి బదులుగా పైనుంచి ‘జ్ఞాపక శిరోమణి’ బిరుదూ, సన్మానపత్రమూ పోస్టులో వచ్చాయి. సన్మానం చేసేవారొకరూ చేయించుకునేవారొకరూ వేరువేరుగా ఎందుకని, డైరెక్టరుగారే ఇచ్చుకుని డైరెక్టరుగారే పుచ్చుకోవాలని తీర్మానించారు. సభకి జనం కావాలి. జనమంతా పీతలదిబ్బలో ఉన్నారు.

"నేను వెళ్ళుచున్నాను" అన్నారు విరూపాక్షరావుగారు, రేవులో భీమశంకరం చేతికి ఒక కవరిచ్చి. "ఇది మీ పదోన్నతి. ప్రధాన కార్యాలయము శూన్యముగా ఉండరాదు గనుక మీరిచటనే ఉండుడు."

"సార్, మీరు తిరిగి ఎలా వస్తారండి?"

"అధికారిక పర్యటనకు తిరుగు ప్రయాణము సహజముగా ఉండును" అన్నారాయన చాలా నమ్మకంగా, కుర్చీలో సర్దుకుంటూ.

లాంచీ నడిపే సరంగు నూకరాజు తాడు విప్పుతూ భీమశంకరం వైపు చూశాడు.

"ఎక్కుతారా బాబూ? ఇదే ఆకర్దండి. రేపట్నించి ఈ రేవులో తాడు కట్టడానిక్కూడా లాంచీ ఉండదండి. అమ్మగారు మొన్న దిగువనున్న మా తమ్ముడికి బువ్వెట్టేరంటండి, మా ఆయన తింటన్నాడో లేదో అని ఆడి కంచంలోకి చూసుకుంటా ఒకటే ఇదైపోయేరని ఫోన్లో చెప్పేడండి."

భీమశంకరం చేతిలో కవరు బరువుగానే ఉంది. పద్నాలుగేళ్ళ బరువు. కానీ ఇంటికి వెళితే తాళం తానే తియ్యాలి, దీపం తానే వెయ్యాలి, ఏదైనా అంటే వినేవాళ్ళుండరు, అనేవాళ్ళూ ఉండరు. పదిహేడు రోజులుగా తనతో ఎవరూ దెబ్బలాడలేదని అతనికి అప్పుడు తట్టింది. ఏడుపొచ్చింది. ఒక కాలు రేవులో, ఒక కాలు లాంచీలో పెట్టి, రెండో కాలు కూడా లాంచీలో పెట్టేశాడు.

"ప్రధాన కార్యాలయము!" అని కేక పెట్టారు డైరెక్టరుగారు.

"అది కూడా వస్తోందండి" అన్నాడు భీమశంకరం.

పీతలదిబ్బ దగ్గర ముప్పై లాంచీలు ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉన్నాయి. ఒడ్డున చెప్పులు విడిచి డెక్కుల మీదుగా నడుచుకుంటూ పోతే సగం ఏరు దాటేయొచ్చు. ఒడ్డున ఎటు చూసినా మనుషులు, మేకలు, పెట్టెలు, పరుపుచుట్టలు. బజ్జీల బండ్లు నాలుగు వెలిశాయి. వాటి మధ్య గాడిపొయ్యి దగ్గర, కొంగు నడుముకి దోపి, తెడ్డంత గరిటెతో మాణిక్యాంబ.

అతన్ని చూసి గరిటె కింద పెట్టింది.

"వచ్చారా! అయ్యో, ఎంత చిక్కిపోయారండీ! తిరిగెళ్ళే దారేదైనా పట్టుకొచ్చారా, మీరూ ఇరుక్కోడానికే వచ్చారా?"

"ఇరుక్కోడానికే" అన్నాడు. "నువ్వు లేకుండా ఉండలేకపోయాను మాణిక్యం."

ఆవిడ పొయ్యిలోకి తిరిగి ఊదసాగింది. పొయ్యి బాగానే మండుతోంది.

సభ ఘనంగా జరిగింది. విరూపాక్షరావుగారు వేదిక ఎడమ వైపు నిలబడి సన్మానపత్రం చదివి, గబగబా కుడి వైపుకి వెళ్ళి వినయంగా తలవంచి, మళ్ళీ ఎడమ వైపుకొచ్చి దండ పట్టుకుని, మళ్ళీ కుడి వైపుకెళ్ళి మెళ్ళో వేసుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు. చాలా రోజులుగా వాళ్ళకి వేరే కాలక్షేపం లేదు.

చప్పట్లయ్యాక ఆయన దండతో సహా టిక్కెట్ల గది దగ్గరకొచ్చి "పాతగట్టునకు ఒకటి" అన్నారు.

టిక్కెట్లాయన లేచి నిలబడి మరీ నొక్కాడు. చీటీ వచ్చింది. రెండు చేతులా అందించాడు. అటువంటి ప్రయాణం లేదు.

"నేను డైరెక్టరును."

"తెలుసండి. దీనికే తెల్దండి" అన్నాడాయన యంత్రాన్ని చూపించి. "తమరి సర్క్యులరేనండి ఇది. గోడకంటించేం చూడండి."

డైరెక్టరుగారు గోడ చూశారు. సంతకం చూశారు. చాలాసేపు చూశారు. సవరణ ఉత్తరువు కావాలి. అది ప్రధాన కార్యాలయం నుంచే జారీ కావాలి. ప్రధాన కార్యాలయం పాతగట్టులో ఉంది. పాతగట్టుకి ప్రయాణం లేదు. ఆయన ఇసకలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. చుట్టూ మూడు వందలమంది నిలబడ్డారు. తిట్టలేదు. మన జనానికి ఓపిక ఎక్కువ, అదే మన అధికారుల అదృష్టం. ముంజులంక నుంచి వచ్చిన ఒక ముసలమ్మ మాత్రం "నా గేదె ఈనే రోజులు నాయనా. పక్కింటోళ్ళు చూత్తన్నారో లేదో. నన్నంపించెయ్యి నాయనా" అని ఆయన కుర్చీ కోడు పట్టుకుంది.

ఆయన ముసలమ్మ వైపు చూడలేదు. "పట్టికలో లేదమ్మా" అన్నారు ఏటి వైపు చూస్తూ. మొట్టమొదటిసారి మామూలు తెలుగులో అన్నారు.

భీమశంకరం అంతా చూస్తున్నాడు. ఆ మడత తనది. ఆ వాక్యం కొట్టేసిన చెయ్యి తనది. ముసలమ్మ గేదెకీ, తపాలాయన ఏడుపుకీ, పిల్ల నచ్చని పెళ్ళికొడుకుకీ, తన పెళ్ళాం చేతుల మీద కాలిన మచ్చలకీ, అన్నిటికీ తన ‘చిత్తం’ ఒక్కటే కారణం. అతను టిక్కెట్ల గదిలోకి వెళ్ళాడు.

"యంత్రాలు రాకముందు చేత్తో రాసే టిక్కెట్ల పుస్తకాలు ఉండాలే?"

"ఉన్నాయండి. ఎలకలు కొంత తిన్నాయండి."

"తిననివి ఇయ్యి."

బయట బల్ల వేసుకుని కూర్చున్నాడు. కార్బను కాగితం పెట్టి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. ఎక్కడినుంచి: పీతలదిబ్బ. ఎక్కడికి: పాతగట్టు. దూరం: నలభై రెండు. పేరు: మాణిక్యాంబ. కింద తన సంతకం.

డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచారు. "పట్టికలో లేని ప్రయాణమునకు టిక్కెట్టు కోసితిరి! ఈ క్షణమునుండి మీకు ఉద్యోగము లేదు!"

"చిత్తం" అన్నాడు భీమశంకరం. ఆ మాట అలవాటు కొద్దీ వచ్చింది. వెంటనే తల అడ్డంగా ఊపాడు. "లేదండి, ఈసారి చిత్తం కాదు. దూరం ఒకటేనండి సార్. వెళ్ళడమూ రావడమూ ఒకటి కాదు. అది నాకు ఆ రోజే తెలుసు. లాంచీ వేళ మించిపోతోందని చెప్పకుండా ఊరుకున్నాను. తప్పు నాది."

అని, జేబులోంచి పదోన్నతి కవరు తీసి, ఇంక దానికి వేరే పని లేదు గనక, గాలికి కాగితాలు ఎగరకుండా టిక్కెట్ల పుస్తకం మీద బరువు పెట్టాడు.

"తర్వాత ఎవరండీ?"

ముసలమ్మ. తర్వాత తపాలాయన. తర్వాత పెళ్ళికొడుకు, అతన్ని సాగనంపడానికి పిల్ల తండ్రి, తల్లి, పెదనాన్నలు ముగ్గురు, అందరూ ఆనందబాష్పాలతో. వరస పొయ్యి దాకా, పొయ్యి దాటి ఏటి ఒడ్డు దాకా పెరిగింది. భీమశంకరం రాస్తున్నాడు, మాణిక్యాంబ చింపి ఇస్తోంది.

"నూకరాజూ, ఎగువకి డీజిలుందా?" అని అడిగాడు రాస్తూనే.

"ఎందుకుండదండీ! కిందకొచ్చేప్పుడు ఇంజన్లాపేసి తేలుకుంటా వచ్చేం కదండీ, ట్యాంకులన్నీ నిండుగా ఉన్నాయండి. డైరెటరుగారి పొదుపేనండి అంతా!"

మధ్యాహ్నం మూడింటికి మొదటి లాంచీ కూత వేసింది. పదిహేడు రోజుల తర్వాత ఇంజను మొత్తుకుంటూ ఎదురు నీటిలో కదిలింది. ఒడ్డున మిగిలినవాళ్ళు కేకలు వేశారు, మేకలు అరిచాయి, ఎవరో మాణిక్యాంబ ఖాళీ డేగిసా బోర్లించి వాయించారు. రెండోది కదిలింది. అయిదోది కదిలింది. పెళ్ళికొడుకు ఎక్కిన లాంచీకి పిల్ల తరపువాళ్ళు హారతి ఇచ్చారు.

ఎండ చల్లబడేసరికి ఒడ్డున నూకరాజు లాంచీ ఒక్కటే మిగిలింది. వరసలో ఎవరూ లేరు. భీమశంకరం కలం మూత పెట్టబోతుంటే బల్ల మీద నీడ పడింది.

తలెత్తి చూశాడు. విరూపాక్షరావుగారు. మెళ్ళో దండ వాడిపోయింది.

"ఒకటి" అన్నారాయన.

"పేరండీ?"

"విరూపాక్షరావు."

"ఎక్కడి నుంచండీ?"

"పీతలదిబ్బ."

"ఎక్కడికండీ?"

నూకరాజు కూత వేశాడు. ఆయన ఒకసారి లాంచీని చూశారు, ఒకసారి సముద్రం వైపు చూశారు.

"పాతగట్టు" అన్నారు.

"అటువంటి ప్రయాణం ఉందాండీ?"

మాణిక్యాంబ మొగుడి మోచేతి మీద చిన్నగా తట్టింది. "పోనీలెండి పాపం, ఆయనకీ ఇంటి దగ్గర ఎవరో ఒకరు ఉంటారుగా, రాసేద్దురూ" అంది.

"రాస్తాను. ఉందో లేదో చెప్పమను."

ఈసారి నూకరాజు పొడుగ్గా కూత వేశాడు. విరూపాక్షరావుగారి పెదవులు రెండుసార్లు కదిలాయి.

"ఉంది" అన్నారు, ఎవరికీ వినపడనంత మెల్లిగా.

భీమశంకరం టిక్కెట్టు రాశాడు. చింపలేదు. పుస్తకం ఆయన వైపు తిప్పి, కలం అందించాడు. "ఆ మాటే ఇక్కడ రాసి సంతకం పెట్టండి సార్. రేపు మళ్ళీ ఎవరైనా అడిగితే చూపించాలి."

ఆయన వంగి ‘ఉంది’ అని రాశారు. పక్కన ‘వి’ అని పెట్టి చుక్క పెట్టబోయారు.

"పూర్తిగా పెట్టండి" అన్నాడు భీమశంకరం.